విక్టర్ కుర్చీ

మాల్టా దేశంలోని గ్జిరాలో జోర్జినా అత్త వంటిల్లు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మేనల్లుడు తుమాస్ డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు.

"గట్టిగా అరవకురా, మేడమీద అద్దెగదిలో ఉంది ఆవిడ. వినపడుతుంది."

"నేనెక్కడ అరిచానత్తా? నా సంగతి ఎందుకు చెప్పావని అడిగానంతే."

"నీ పేరు చెప్పలేదు. ఫోన్లో జూదం ఆడించే ఆ కంపెనీలోనే మా మేనల్లుడూ పనిచేస్తాడన్నాను. తప్పా? స్వీడన్ నుంచి ఒక్కర్తే వచ్చిందిరా, పాపం. మీ సైటు అడుగున అడ్రసు ఉందట కదా. కేకు పట్టుకుని అక్కడికెళ్ళింది."

"కేకా?"

"కేకే. వెళ్ళి చూస్తే ఏముంది? ఒక తలుపు, తలుపు పక్కన గోడ నిండా కంపెనీల పేర్లు, లోపల ఒక్క పురుగు లేదు. అక్కడే మెట్లమీద కూర్చుండిపోయిందట, ఎండలో."

"అది లైసెన్సు కోసం ఇచ్చే అడ్రసత్తా. అక్కడికెవరైనా వెళ్తారా! పనిచేసే ఆఫీసు వేరు."

"ఆవిడకేం తెలుసు? అడ్రసంటే మనుషులుంటారనుకుంది. విక్టర్ ఉంటాడనుకుంది."

"ఎవరు?"

"విక్టర్. ఏమైందిరా? టీ ఒలకబోశావు చూడు."

"గ్లాసు కాలింది. విక్టర్ అని మా దగ్గర ఎవరూ లేరు."

"ఒట్టు?"

"ప్రతిదానికీ ఒట్టెందుకత్తా..."

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటావు. దించు చెయ్యి."

"విక్టర్ మనిషి కాదత్తా. కుర్చీ."

"కుర్చీ ఏమిట్రా, ఎండదెబ్బ తగిలిందా?"

"ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళే విక్టర్. పొద్దున్న నేను. మధ్యాహ్నం ఒక హంగేరీ పిల్ల. రాత్రికి ఇంకెవడో. బాగా డబ్బు పెట్టి ఆడేవాళ్ళకి విడిగా ఒక నేస్తం ఉండాలంటారు మా పైవాళ్ళు. కబుర్లు రాయాలి, ఒంట్లో ఎలా ఉందో అడగాలి. ముందువాళ్ళు ఏం మాట్లాడారో చదువుకుని కూర్చుంటాం. ఆ పెద్దాయనకి మాత్రం విక్టర్ ఒక్కడే."

"ఏ పెద్దాయన? ఆవిడ మొగుడి ఊసు నేనింకా ఎత్తనే లేదే."

"అదీ... స్వీడన్ అన్నావుగా."

"అన్నాను. అయితే?"

"బెర్టిల్. ఓడలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఎడమ మోకాలు నొప్పి. ఆయనేగా?"

"ఆయనే. ఇక ఆడను, నన్ను లోపలికి రానివ్వకండని వాళ్ళ దేశం పట్టీలో పేరు ఎక్కించుకున్నాడట. ఆవిడే పక్కన కూర్చుని ఎక్కించిందట. మరి మీరెలా రానిచ్చార్రా?"

"మాకు వాళ్ళ దేశం లైసెన్సు లేదత్తా. మాల్టాది ఒక్కటే. అక్కడి లైసెన్సున్న కంపెనీలైతే ఆ పట్టీ చూసి తలుపేసెయ్యాలి. మాకు ఆ పట్టీయే కనపడదు."

"అంతా ఒకటే ఐరోపా అంటారు?"

"టమాటాలకి ఒకటే. జూదానికి ఎవరి తాళం వాళ్ళది. ఇటలీది వేరు, జర్మనీది వేరు. ఒకచోట తలుపు మూస్తే జనం పక్కసందు వెతుక్కుంటారు."

"ఆ సందులో నువ్వు కూర్చున్నావన్నమాట, రండి రండి అంటూ."

"అత్తా!"

"మన మోస్తా చర్చికి రెండు గడియారాలెందుకురా?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"ఒకటి మనకి. రెండోది దెయ్యాన్ని ఏమార్చడానికి, తప్పు టైము."

"ఆ ముసలాయనకి మీరు చూపించింది రెండోది."

"సరే, తప్పే. ఇంతకీ ఏమంటుందావిడ? కేసు పెడుతుందా? ఆస్ట్రియాలో ఆడి పోగొట్టుకున్నవాళ్ళు అలాగే పెడుతున్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటుందా?"

"డబ్బు మాటే ఎత్తలేదు. విక్టర్‌కి ఎదురుగా ఒక మాట చెప్పాలట. అందరికీ చెప్పిందట, ఓడలో స్నేహితులకీ, చుట్టాలకీ. విక్టర్ ఒక్కడికే చెప్పలేదట."

"ఏం చెప్పాలి?"

"బెర్టిల్ పోయాడని."

"ఎవరు పోయారు?"

"వినపడలేదా? ఈస్టర్‌కి ముందే పోయాడట. గుండె."

"లేదత్తా."

"లేదేమిట్రా?"

"ఆయన ఇవాళ పొద్దున్న నాతో మాట్లాడాడు."

"మరియ తల్లీ!"

"ఒట్టు. చెయ్యి చూడు, చెవి మీద లేదు. ఎనిమిదింటికి వచ్చాడు. రోజూ వస్తాడు. మోకాలు ఎలా ఉంది బెర్టిల్ అని రాశాను. మెట్లెక్కితే లాగుతోంది అని రాశాడు. ఈమధ్య ఆట మానేశాడు, ఒట్టి కబుర్లే. మా పైవాళ్ళు గొణుగుతున్నారు కూడా. ఈస్టర్‌కి ముందా? సరిగ్గా విన్నావా నువ్వు? మరి నేను ఇన్నాళ్ళూ మాట్లాడింది ఎవరితో... అమ్మో! ఏమిటా చప్పుడు?"

"పండగ ఔట్లురా, ఏటా పేలుస్తారుగా. కూర్చో. ఎన్నింటికన్నావు?"

"ఎనిమిది."

"ఎనిమిదింటికి ఆవిడ నా డాబా మీద ఉంది. ఆరేసిన దుప్పట్ల మధ్య కూర్చుని ఫోన్లో ఏదో కొడుతోంది. నవ్వుకుంటోంది. వచ్చాక నవ్వడం అప్పుడే చూశాను. ఎవరమ్మా అంటే, మావారి స్నేహితుడు అంది."

"అంటే... ఆవిడేనా?"

"మా ఇంటి మెట్లు చూశావుగా. లాగవూ మరి మోకాళ్ళు."

"ఇన్నాళ్ళూ ఆవిడ మోకాలే అడిగానన్నమాట."

"ఏరా, ఏడుస్తున్నావా?"

"ఊరంతా ఆయన పోయాడంటున్నారు కదత్తా. బెర్టిల్ ఎలా ఉన్నాడని అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రపంచం మొత్తంలో ఆ పాడు కుర్చీ ఒక్కటే."

"అందుకే చెప్పెయ్యరా. విక్టర్ లేడని చెప్పు. ఆ ఖాతా మూయించు. పోయినవాడి పేరు తగిలించుకుని రోజూ అక్కడ కూర్చుంటే ఆవిడ మనుషుల్లో పడదు. ఇవాళ కబుర్లు, రేపు ఆ వేలు ఆట మీద పడుతుంది. అప్పుడు ఆవిణ్ణి కూడా మింగుతారు మీరు."

"చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తాను. పిలువు."

"కళ్ళు తుడుచుకో ముందు. గున్వోర్ గారూ! కిందికి రండి, మావాడొచ్చాడు!"

"వస్తున్నా, వస్తున్నా. ఈ మెట్లొకటి... ఇతనేనా?"

"నమస్కారమమ్మా. నేను తుమాస్‌ని. మీరడిగిన విక్టర్..."

"నువ్వేలే! నాకు తెలిసిపోయింది బాబూ. ఇంత చిన్నవాడివా! బెర్టిల్ నిన్ను నలభై ఏళ్ళవాడివనుకున్నాడు. ఈ కేకు నీకే, దారిలో కాస్త నలిగింది. నీకో మాట చెప్పాలనే ఇంత దూరం వచ్చాను."

"నేనూ మీకో మాట చెప్పాలమ్మా. విక్టర్ అనేవాడు..."

"చెప్పరా తుమాస్."

"చెప్పు బాబూ."

"ఆయన... ఆయన మోకాలు ఎలా ఉందమ్మా?"

"తగ్గిపోయింది బాబూ. ఇప్పుడసలు నొప్పే లేదు. రేపు ఎనిమిదింటికి నీతో మాట్లాడతానన్నాడు."