మామయ్య ర్యాంకు

తెల్లారితే కాలేజీ ప్రవేశ పరీక్ష. నమూనా పరీక్షలో మూడు వందలకి తొంభై ఒకటే వచ్చాయన్న సంగతి ఎవరికీ చెప్పకుండా పది రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది పిల్ల. ధైర్యం చెప్పడానికని మేనమామ దిగాడు. బస్సు డిపోలో గుమాస్తా ఆయన. ఆయన ధైర్యం చెబితే ఉన్న ధైర్యం కూడా పోతుందని వీధంతటికీ తెలుసు. అయినా వరండా నిండింది. ఎదురింటి ఎలక్ట్రీషియన్ అయితే టీ గ్లాసుతో సహా వచ్చి కూర్చున్నాడు.

"నేను మరీ ఎక్కువేం చదవలేదమ్మా," అని వినయంగానే మొదలుపెట్టాడు మామయ్య. "రోజుకి పద్దెనిమిది గంటలు, అంతే."

"మిగతా ఆరు గంటలూ పడుకునేవాడివా అన్నా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"పడుకునేవాణ్ణి, కానీ నిద్రలో లెక్కలు చేసేవాణ్ణి. ఫిజిక్స్ పుస్తకం ఎంత చదివానంటే, అక్షరాలన్నీ నా బుర్రలోకి ఎక్కేసి కాగితాలు తెల్లగా మిగిలాయి, తర్వాత మీ అమ్మ వాటి మీద బొమ్మలేసుకునేది. ఇక పరీక్ష హాల్లో ఏమైందో చెప్పనా? మూడు గంటల పేపరు పదకొండు నిమిషాల్లో అవగొట్టి, ఊరికే కూర్చోవడమెందుకని ప్రశ్నల్లో తప్పులు దిద్దాను. జవాబుల షీట్లు దిద్దే మెషీను ఉంటుంది చూడు, అది నా షీటు చూశాక ఇంకెవరి షీటూ ముట్టనని మొరాయించింది. చేసేది లేక దానికి రెండు రోజులు సెలవిచ్చారు."

"జీతంతోనా?"

"జీతంతోనే," అన్నాడు మామయ్య, రెప్ప వేయకుండా. "అక్కడితో ఆగిందా? ప్రిన్సిపాళ్లంతా మన గుమ్మం ముందు లైను కట్టారు. వాళ్లకి నేనే ఓ పరీక్ష పెట్టాను. ఒక్కాయనే పాసయ్యాడు. ఆయన హాస్టల్లో గాలి సరిగ్గా ఆడదని నేనే వద్దనేశాను."

పిల్ల మొహం పాలిపోయింది. పదకొండు నిమిషాల్లో తను పేరూ నంబరూ నింపడమైనా అవుతుందా?

"రేపు నేను వెళ్లనమ్మా," అంది మెల్లగా. తొంభై ఒకటి సంగతీ చెప్పేసింది.

పిల్ల బట్టలు ఇస్త్రీ చేస్తున్న తల్లి పెట్టె పక్కన పెట్టింది. తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, నీ హాల్ టికెట్టు ముచ్చట చెప్పలేదేం?"

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా?"

"అప్లికేషన్లో విద్యార్థి పేరు దగ్గర నాన్న పేరు, తండ్రి పేరు దగ్గర వీడి పేరు రాశాడు," అంది ఆవిడ అందరికీ వినపడేలా. "హాల్ టికెట్టు నాన్న పేరున వచ్చింది. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. నేనే మొహం కడిగి పడుకోబెట్టాను."

ఎలక్ట్రీషియన్‌కి పొలమారింది. మామయ్య కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

పది రోజుల్లో మొదటిసారి పిల్ల మొహంలో నవ్వు కనిపించింది.

"మరి తాతయ్యకి ఎంత ర్యాంకు వచ్చింది మామయ్యా?"