వేడి టైరులో గాలి తీయరాదన్న మల్సూర్ గారు

1991వ సంవత్సరం జూన్ నెల పదిహేడవ తేదీన మన కృష్ణవేణి రైతు సహకార రవాణా సంఘం మిర్యాలగూడ శాఖలో టైర్ల సహాయకులుగా చేరిన శ్రీ బానోతు మల్సూర్ గారు, ముప్పైనాలుగేళ్ల సుదీర్ఘ సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న ఈ శుభసందర్భంలో, వారిని గురించి రాసే భాగ్యం నాకు దక్కినందుకు పట్టరాని సంతోషంగా ఉంది. నాకంటే బాగా రాయగలవారు సంఘంలో ఎందరో ఉన్నా, పట్టుబట్టి మరీ ఈ పని తీసుకున్నాను.

మాడుగులపల్లి సమీపంలోని తండాలో జన్మించి, పదో తరగతితో చదువు ముగించిన మల్సూర్ గారు, 2003లో కోదాడ శాఖకు మెకానిక్‌గా బదిలీ అయ్యారు. ఎండ పొడ తగలకముందే, బండి కదలకముందే, చల్లని టైర్లలో గాలి కొలిచి, ఆ అంకెను సుద్దముక్కతో టైరు మీదే రాయడం వారి నియమం. పది టైర్లూ పూర్తయ్యేదాకా చాయ్ ముట్టేవారు కాదు. హోటలాయన ఎంత విసుక్కున్నా ఆ క్రమం మారలేదు.

2012 మే నెలలో నేను అక్కడికి కొత్త శాఖాధికారిగా వెళ్లాను. వయసు తక్కువ, పెత్తనం ఎక్కువ. ఒక రోజు పొద్దున మా శాఖ నుంచి బయలుదేరిన డ్రైవర్ సాయిబాబు, మధ్యాహ్నానికి మిర్యాలగూడ నుంచి బియ్యం లోడుతో తిరిగి వచ్చి, సగం దించి, సూర్యాపేటకు బయలుదేరుతుండగా టైర్లు కొలిపించాను. సుద్దతో రాసింది నూట పది, మీటరు చూపింది నూట ఇరవై ఎనిమిది. మల్సూర్ గారు ఎక్కువ నింపి తక్కువ రాశారని తీర్మానించి, వారు భోజనానికి వెళ్లిన సమయంలో పది టైర్లలోనూ గాలి తీయించి, మీటరు అంకె సుద్దరాతకు సరిపోయాక బండిని పంపేశాను. నా ఘనకార్యానికి నేనే మురిసిపోయాను.

వారు తిరిగి వచ్చి, “గాలెందుకు తీపిచ్చిన్రు సార్?” అని అడిగారు.

“ఎక్కువుంది కదా.”

“ఎక్కువ కాలే సార్, పొద్దుగాల నింపిన గాలే అది. పిల్లల పుస్తకంల కణాలంటరు సూడున్రి, వేడికి అవి జోరుగ ఉరుకుతయి, టైరు గోడలకు గట్టిగ గుద్దుకుంటయి. గందుకే మీటరు పెరిగింది. సల్లారితే మల్ల నూట పదికే వస్తుండె. ఇప్పుడు నిజంగ గాలి తక్కువైంది. తక్కువ గాలి టైరు బరువుకు నలుగుతది, నలిగినకొద్ది ఇంకా కాలుతది. పేలుతది సార్. బండిల సాయిబాబు ఉన్నడు.”

ఫోన్ చేస్తే సాయిబాబు ఎత్తలేదు. మల్సూర్ గారు మండుటెండలో మోటారు సైకిలెక్కి, మునగాల దాటకముందే ఆ బండిని ఆపారు. ముందు టైరు మీద చేయి పెట్టలేనంత వేడి. సాయంత్రం చల్లారాక కొలిస్తే తొంభై ఏడు. పక్కనే ఉన్న పంక్చర్ దుకాణంలో గాలి నింపించి, అప్పుడు సాయిబాబును పంపించారు.

అనుమతి లేకుండా బండి ఆపినందుకు ప్రధాన కార్యాలయం మల్సూర్ గారికి మెమో ఇచ్చింది. “ఆపింది నేనే” అన్న ఒక్క ముక్క తప్ప వారు జవాబులో ఏమీ రాయలేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో నేను నోరు విప్పలేదు. వారి పదోన్నతి మూడేళ్లు ఆగిపోయింది. నా పేరెందుకు చెప్పలేదని ఒకసారి అడిగితే, “సాయిబాబు ఇంటికి చేరిండు గద సార్. ఇగ ఆ ముచ్చట ఖతం” అన్నారు. నాకు మాత్రం ఖతం కాలేదు.

2015లో సూర్యాపేటలో టైర్ల విభాగ పర్యవేక్షకులైన నాటి నుంచి, వేడి టైరులో గాలి తీయరాదన్న ఆ పాఠాన్ని వారు ప్రతి వేసవిలో ప్రతి డ్రైవరుకూ చెప్పారు. వెనుక వరుసలో కూర్చుని నేనూ ఏటా విన్నాను.

ఇప్పుడు నా సంతోషానికి కారణం చెబుతాను. ఆనాటి తప్పు నాదేనని పాలకవర్గానికి రాతపూర్వకంగా తెలిపాను. మెమోను వారి సర్వీసు రిజిస్టరు నుంచి తొలగించి, నా రిజిస్టరులో చేర్చాలని కోరాను. ఈ ఉదయమే ఆమోదం వచ్చింది. జీవితంలో ఏ ఉత్తర్వు అందుకున్నప్పుడూ నేనింత సంబరపడలేదు. శ్రీమతి కమిలి గారూ, పదమూడేళ్లు మీ ఇంటాయన మోసిన ఆ మచ్చ నాది. నన్ను క్షమించండి.

మల్సూర్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవలు మనవరాళ్ల నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, రేపటి సభలో వారి ముఖం చూస్తూ ఈ వ్యాసం చివరిదాకా చదివే ధైర్యం నాకు కలగాలని మనసారా కోరుకుంటున్నాను.

— కాశీరాం, శాఖాధికారి, సూర్యాపేట