నురగ కాదు, మల్లెల పాన్పు

2004. మారతహళ్ళి దాటాక, చెరువు ఎదుట సగం కట్టిన అపార్టుమెంటు, మూడో అంతస్తు. రిటైరైన తెలుగు లెక్చరరు భుజంగరావు; ఆయన పాత విద్యార్థి, బిల్డరు దగ్గర సేల్సు చూసే గిరిధర్.

"ముందు ముక్కు మీంచి ఆ రుమాలు తియ్యండి సార్. కొనేవాళ్ళు వచ్చే టైమయింది."

"తీస్తే వాంతవుతుందయ్యా గిరిధర్! ఇదేనా నువ్వు ఫోన్లో చెప్పిన లేక్ వ్యూ?"

"వ్యూ ఉంది కద సార్."

"కంపూ ఉంది. ఛీ, ఛీ! తెల్లటి నురగ అన్నావు. అలల నురగ అనుకున్నాను. ఇది ఊరి మురుగు! దీని మీదా నాచేత రాయించావు? చదువు, ఏం రాశానో."

"'ఇది నురగ కాదు, మల్లెల పాన్పు.' బ్రోషర్‌కి అదే హైలైట్ సార్."

"దాన్నేమంటారు?"

"ఏమో సార్... అలంకారాలు ఛాయిస్‌లో వదిలేశా."

"అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని, ఇంకోటని చెప్పడం. ముఖం కాదు, చందమామ అంటాడు కవి. ముఖం ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అందం. ఈ చెరువు చూడనివాడికి మల్లెలని చెబితే అలంకారం కాదురా, దగా."

"వెయ్యి కాపీలు పంచేశాం సార్."

"మిగతావి ఆపు. ఆ వాక్యం కొట్టేసి మురుగని రాయి."

"రాస్తే నా జాబ్ పోతుంది సార్."

"రాయకపోతే ఇక్కడే నిలబడి వచ్చినవాళ్ళందరికీ నేనే చెబుతాను."

"సార్, ప్లీజ్..."

"అరగంట నిలబడలేకపోతున్నాను, పిల్లాపాపలతో కాపురాలు చేస్తారా? ఈ కంపులో మనిషన్నవాడు ఉంటాడా?"

"మెల్లగా సార్, పుల్లమ్మ వస్తోంది. ఇక్కడే ఇటుకలు మోస్తుంది. ఏం పుల్లమ్మా?"

"పెద్దాయన వాంతి అంటాండాడని నిమ్మకాయ పిండి నీళ్ళు తెచ్చినా సార్. తాగు సామీ."

"చల్లగా ఉన్నాయమ్మా. ప్రాణం లేచొచ్చింది. నువ్వు చెప్పు తల్లీ, నేనన్నది తప్పా? కాగితంలో నిజం రాయమంటున్నాను."

"తప్పేముండాది సామీ, నిజమే రాయి. ఆ గట్టు మీద రేకులిండ్లు కనపడతాండాయే, ఆడ ఏడేండ్ల నుంచి మేముండామని కూడా రాయి."