కారు తాగిన కల్లు

ఒరేయ్ ఒరేయ్, ఆగు! కొత్తకారు పూజకని ఆ కల్లు కెటిలు పట్టుకుని ఎక్కడికి పోతున్నావ్? చక్రాల మీద పొయ్యి నాయనా, చక్రాల మీదే. బానెట్ జోలికి పోకు. ఏంటీ? ఇది కరెంటు బండా, దీంట్లో స్పార్కు ప్లగ్గే లేదా? మరి దేంతో అంటుకుంటుంది? అసలు అంటుకోనే అంటుకోదా! బావుంది, నిప్పు లేని పొయ్యి. అయినా సరే, చక్రాల మీదే పొయ్యి. ఎందుకంటావా... ఇలా కూచో. ఆ చాప ఇటు లాగు, నా మోకాలు వంగదు. నీకు ఓక్‌సిమ్ అక్క తెలీదు కదూ. తెలీదులే, నువ్వు పుట్టేసరికే ఆవిడ పోయింది. మన ఆన్‌దాంగ్‌లో, ఇదే వీధిలో, టాక్సీ తోలింది ఆవిడ. ఆ రోజుల్లో ఇక్కడ ఆడది సైకిలెక్కితేనే పెద్దమనుషులు పొలమారి దగ్గేవాళ్ళు. అలాంటి ఊళ్ళో టాక్సీ!

మొగుడు మిలిటరీలో లారీ డ్రైవరు. ఉన్నన్నాళ్ళూ పక్కన కూచోబెట్టుకుని బండి నేర్పాడు. బండి అంటే తోలడమొక్కటే కాదురా, విప్పడం, బిగించడం, అన్నీ. జ్వరమొచ్చి పోయాడు పాపం, చిన్న వయసు. ఆవిడ ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తన వాటా వరిమడి అమ్మేసి, ఒక కారు కొనుక్కొచ్చింది. కారంటే ఏం కారనుకున్నావ్? పాత మిలిటరీ జీపు ఇంజను, దానిమీద నూనె డ్రమ్ములు సాపుగా కొట్టిన రేకు. అప్పట్లో అవే మనకి పల్లకీలు. ఎండలో నిలబెడితే ముద్దొచ్చేది. లోపల కూచుంటే మాత్రం ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు.

నాకెలా తెలుసంటావా? నేనప్పుడు బియ్యం మిల్లులో ఇంజను చూసేవాణ్ణి. నట్టుకీ బోల్టుకీ మా దగ్గరికే వచ్చేది. మాది డీజిలు ఇంజను, దానికి స్పార్కూ లేదు, పాడూ లేదు. గాలిని గట్టిగా అదిమితే ఆ వేడికే మండుతుంది. అందుకని ఒకరోజు అడిగాను, "అక్కా, నీ కారులో నిప్పెక్కడ పుడుతుందే?" అని. నవ్వింది. "ఒరే, బ్యాటరీలో ఉండే కరెంటు చాలా చిన్నదిరా, దాంతో పెట్రోలు అంటుకోదు. అది కాయిలని ఒక డబ్బా ఉంది చూడు, అందులోకి పోతూ ఉంటుంది. పోతున్నంతసేపూ ఏ గొడవా లేదు. మధ్యలో చటుక్కున ఆపావనుకో, అప్పుడు లేస్తుంది దానికి! మా అత్తగారు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి చూశావా ఎప్పుడైనా? అలాగన్నమాట. వేల వోల్టులు ఒక్కసారి ఎగిరిపడతాయి" అంది. నేను పడీపడీ నవ్వాను. ఆ ఆపే పని చెయ్యడానికి రెండు చిన్న ముక్కలు, కలుస్తూ విడిపోతూ, కలుస్తూ విడిపోతూ ఉంటాయిట. ఎగిరిపడిన ఆ కరెంటుని నల్లటి టోపీలాంటిదొకటి అందుకుని నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా వడ్డిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ టోపీ అంటారు. వంతు తప్పిందా, ఇంజను అలిగి దగ్గుతుంది. అసలు అందలేదా, అంతే సంగతులు. ఇదంతా నీకెందుకు చెప్తున్నానూ... ఆఁ, అక్కడికే వస్తున్నా. ఆ పండొకటి ఇటివ్వు. పచ్చిది కాదురా, మెత్తగా మాగింది చూసి ఇవ్వు.

సరే. కారైతే వచ్చింది గానీ, ఇంట్లో ఇద్దరున్నారు. అత్తగారు, మరిది. అత్తగారు నిప్పు. వీధి చివర ఆవిడ తుమ్మితే ఈ చివర కుక్కలు లేచి నిలబడేవి. మరిది పిల్‌దో, పని చెప్తే పడుకునే రకం. కారు గుమ్మంలోకి రాగానే మొదలెట్టాడు. "అమ్మా, ఆడవాళ్ళు తోలితే ఎవడెక్కుతాడే? తాళం నాకిప్పించు. డ్రైవర్ని పెట్టి నడిపిస్తా, వదిన హాయిగా ఇంట్లో కూచుంటుంది" అని. హాయిగాట! మడి ఆవిడది, కారు ఆవిడది, హాయి వీడిది. చివరికి అత్తగారు తీర్పు చెప్పింది. "కారుకి పూజ చేద్దాం. దేవుడు ఒప్పుకుంటే కోడలు తోలుతుంది. ఏదైనా తేడా వచ్చిందా, తాళం పిల్‌దో చేతికి." అంది. పెద్దావిడ మాట, ఇంక దానికి తిరుగు లేదు. మడి తిరిగి రాదు, కారూ పోయిందంటే ఆవిడా, ఆవిడ కొడుకు సుగిలూ మరిది చేతికింద బతకాల్సిందే.

కోతలయ్యాక, మంచు పడే రోజులు. వీధి వీధంతా వచ్చింది. కారు ముందర బల్ల వేసి పందితల పెట్టారు. దాని నోట్లో దక్షిణ కింద నోట్లు కుక్కారు, అది నవ్వుతూనే ఉంది. అందరం దణ్ణాలు పెట్టాం. ఎండుచేపకి తెల్లదారం చుట్టి ఇంజను పక్కన కట్టాలి కదా, అందుకని బానెట్ ఎత్తి ఉంది. అత్తగారు కల్లు కెటిలు తీసుకుని నాలుగు చక్రాల మీదా పోసింది. అక్కడితో ఆగచ్చు కదా? ఆవిడ ఆగితే ఇంకేం! ఎత్తి ఉన్న బానెట్‌కేసి చూసి, "చక్రాలదేముంది, తిప్పితే తిరుగుతాయి. సత్తువంతా కడుపులో ఉంటుంది. దేవుడుండేది ఇక్కడే" అని మిగిలిన కల్లంతా ఇంజను మీద ధారకట్టి పోసేసింది. తెల్లగా, చిక్కగా, గబగబా. అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. ఇంకేం చేస్తుంది మరి? అత్త చేసిన పనికి ఆరళ్ళు లేవంటారుగా.

తర్వాతేముంది. అక్క ఎక్కి తాళం తిప్పింది. గర్ర్... గర్ర్... గర్ర్. అంతే. ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవట్లేదు. నన్ను పిలిచి ముందర కడ్డీ పెట్టి తిప్పమన్నారు. తిప్పాను. కడ్డీ వెనక్కి తన్ని బొటనవేలు వాచింది, ఇదిగో, ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది. పిల్‌దో మొహం చూడాలి నువ్వు, పెళ్ళికొడుకు కళ వచ్చేసింది. "చూశారా, చూశారా! ఆడది ముట్టుకుంటే దేవుడే ఇంజనుకి తాళం వేశాడు. తే వదినా, తాళం!" అని చెయ్యి చాపాడు. పెద్దమనుషులు దగ్గడం మొదలెట్టారు. అత్తగారు పెదాలు బిగించింది.

అక్క తొణకలేదురా. హారన్ కొట్టింది, మోగింది. లైటు వేసింది, వెలిగింది. "బ్యాటరీకేం రోగం లేదు" అంది నాతో, మెల్లిగా. ప్లగ్గు తీగ పీకి ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టుకుని, నన్ను తిప్పమంది. చిటపటమని రావాల్సింది, ఏమీ లేదు. ఆ నల్లటోపీ ఊడదీసి చూసింది. నేనూ తొంగిచూశాను. లోపల తెల్లటి చుక్కలు. కల్లు! తడి దొరికితే కరెంటు ప్లగ్గు దాకా ఎందుకు పోతుంది, ఆ తడిమీదుగా దొడ్డిదారిన జారుకుంటుంది. నా నోటిదాకా వచ్చింది, "ఇదిగో, మీరు పోసిన..." అని. అక్క నా కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

తొక్కి, ఆ టోపీని రెండు చేతుల్తో పట్టుకుని, అత్తగారి ముందు మోకాళ్ళమీద కూచుంది. "అత్తయ్యా, మీరు ప్రేమగా పోశారు. దేవుడు గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. మత్తెక్కి పడుకున్నాడు. ఈ చలిలో బయట పడుకుంటే ఎలా లేస్తాడు? మీ గదిలో, మీరు కూచునే వెచ్చటి చోట, దుప్పటి కింద కాసేపు పడుకోబెట్టండి" అంది. వీధంతా గొల్లుమంది. పందితల కూడా నవ్వినట్టే ఉంది. పెద్దమనుషులు కూడా దగ్గడం మానేసి నవ్వారు. దేవుడు తాగి పడుకున్నాడంటే ఎవడు కాదంటాడు, వాళ్ళంతా రోజూ చేసే పనే కదా. పిల్‌దో ఒక్కడే, "ఇదేం చోద్యం!" అన్నాడు. ముసలావిడ టోపీని తువ్వాలులో చుట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు లోపలికి తీసుకుపోయింది.

ఆ గదిలో నేల కింద మంట పెడతాం కదా, ఆ మూల అట్టు కాలేంత వేడి. ఇక్కడ అక్క తీగలూ ప్లగ్గులూ పొడిగుడ్డతో తుడిచింది, చంటిపిల్లాడి ముక్కు తుడిచినంత జాగ్రత్తగా. మేం పందిమాంసం తింటున్నాం. చాలాసేపయ్యాక ముసలావిడ వచ్చింది. మొహం మారిపోయి ఉంది. టోపీ అక్క చేతికిచ్చింది. పొడిగా, గోరువెచ్చగా ఉంది, తళతళా తుడిచి ఉంది. అక్క బిగించింది. ఎక్కింది. తిప్పింది. గర్ర్... భుర్ర్ర్! కోళ్ళు గోడెక్కాయి. పిల్లలు అరుపులు. పిల్‌దో మాత్రం ఇంకా వదల్లేదు. "ఒక్కసారి లేస్తే సరా అమ్మా? రేపు మళ్ళీ..." అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. తలుపు తీసుకుని ముందు సీట్లో కూచుంది. నన్ను వెనక ఎక్కమంది, ఆగితే తొయ్యడానికి.

బజారు దాకా పోయాం. అక్కడ ముసలావిడ, తల తిప్పకుండా, రోడ్డుకేసి చూస్తూ అంది. "దుప్పటంతా కల్లు కంపు కొట్టిందే. నేను పోసిన కల్లే." అక్క గేరు మార్చింది. "నా కొడుకు పిల్‌దో అయితే అందరి ముందూ నా పేరే చెప్పుండేవాడు. నువ్వు దేవుడి మీద పెట్టావు" అంది. మళ్ళీ తనే, "నా నోరు పడిపోయేదాకా ఈ తాళం ఎవడూ అడగడు. నువ్వు తోలు" అంది. నేను వెనక సీట్లో... ఏమోరా, ఎందుకో ఏడుపొచ్చింది నాకు. అక్కకీ వచ్చినట్టుంది, కారు కొంచెం వంకరగా పోయింది. "ఇంటికి తిప్పమంటారా అత్తయ్యా?" అంటే, ముసలావిడ, "పోనీ" అంది. వంతెన దగ్గరా అదే అడిగింది. "పోనీ, ఇంకా పోనీ." ఊరు దాటిపోయాం. ఆవిడ పెళ్ళై వచ్చాక ఊరు దాటడం అదే మొదలుట.

...

ఆఁ? ఏం లేదు. లే, చారు చల్లారిపోతోంది, తిందాం పద.