ఓడ గోడకు మా నాయన పలక

“అవ్వా, అందరిండ్లల్లో పెనం గుండ్రంగా ఉంటాది. మనది నాలుగు పలకలుగా, మూలకొక బొక్కతో ఉండాదేంది?”

ఏంది మే, ఇన్నేండ్లు దీనిమింద రొట్టెలు తిని, రేపు నేవీ కొలువుకు పోతా ఈపొద్దు అడుగుతాండవా? నా మాటలు ఫోన్లో పట్టుకుంటాండవా? పట్టుకో, పట్టుకో. ఆ జొన్నపిండి ఇట్ల జరుపు, రొట్టె తట్టుకుంటా సెప్తా.

ఇది పెనం కాదు పాపా. యుద్ధమోడ గోడకు బిగించాలని మా నాయన సేసిన పలక. ఉండు ఉండు, సెప్పకముందే నవ్వొస్తాంది నాకు.

మా నాయనది ఎమ్మిగనూరులో కమ్మరి కొలిమి. బండి సక్రాలకు ఇనప పట్టా ఎక్కించేదాంట్లో ఆయప్పను మించినోడు లేడు. సి.బెళగల్ నుంచి గూడ బండ్లు వస్తాండె. ఏ ఇనుమైనా సరే, ఏలి గణుపుతో కొట్టి సెవి పెట్టి ఇనేది ఆయప్పకు అలవాటు. సిన్నప్పుడు నా నెత్తిమింద గూడ కొట్టి ఇని, “లోపల ఖాళీ” అంటాండె. అది పక్కన పెట్టు.

మీ తాత... పేరు మాత్రం సెప్పించొద్దు నాతో. మాధవరం ఊరాయన. తుంగభద్రలో ఈదీ ఈదీ నేవీలో సేరినాడు. డిస్ట్రాయరంట, ఇంగ్లీషోళ్ళు వాళ్ళ యుద్ధంలో వాడుకుని మనకిచ్చిన పాత యుద్ధమోడ. దాంట్లో రేకుల పని ఆయప్పది. ఓడ పక్కరేకు తుప్పు పడితే గీకేది, సిల్లు పడితే అతుకేసేది. వాళ్ళూ కమ్మరోళ్ళే, మేమూ కమ్మరోళ్ళమే, ఇంకేం కావాల? నన్ను సూసేకి వచ్చినారు. బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టినాం. అప్పుడు అర్ధరూపాయిస్తే గంపెడు బొరుగులొస్తాండె, ఇప్పుడు గుప్పెడు రావు. యాడున్యా? ఆఁ, బజ్జీ.

మా నాయన బజ్జీ కొరుకుతా అడిగినాడు, “ఏమప్పా, మీ ఓడ గోడ ఎంత దొడ్డు?”

యుద్ధమోడంటే ఆదోని కోట మాదిరి ఉంటాదనుకున్యాం మేము. మీ తాతకు పక్కనే వాళ్ళ మేనత్త. జానెడని సెప్పరా అని గిల్లుతానే ఉండాది. ఆయప్ప ఇంటే గదా! సిటికెనేలు సూపించి, “ఇంత గూడ లేదు మామా” అన్యాడు.

మా నాయనకు బజ్జీ నోట్లోనే ఆగిపాయ. “మా బండిపట్టా దానికన్నా దొడ్డు గదప్పా! జొన్నమూటలు మోసే బండికుండేంత ఇనుము యుద్ధమోడకు లేదా?”

“అది పరుగుతో బతికే ఓడ మామా. గోడ దొడ్డు సేస్తే బరువైతాది, బరువైతే నిదానమైతాది. ఫిరంగుల కాడ ఇంకొక రేకుంటాది గానీ, అది పేలిన గుండు తునకలను ఆపేకి. గుండే నేరుగా వచ్చిందంటే...” అని ఆగినాడు. మేనత్త మళ్ళా గిల్లింది. “...ఆగదు” అన్యాడు!

మా నాయన లేసి నిలబడి, “పరిగెత్తే ఓడకు నా బిడ్డనియ్యను” అన్యాడు.

తలుపెనక నాకు పకపకా నవ్వు. పెండ్లిసూపుల్లో పిల్ల నవ్వేదా! మాయమ్మ నా నోరు మూసేకొచ్చింది. నేను గబుక్కున బయటికొచ్చి, “నాయనా, పిల్లనడిగేకి వచ్చి గూడ అబద్ధం సెప్పనోడు ఇంకెప్పుడు సెప్తాడు? నాకీయప్పే కావాల” అన్యా. అనేసినాక సిగ్గు! కంబం ఎనకాల దాక్కోవాలనిపిచ్చ.

మా నాయన మెత్తబడినాడు గానీ ఒక మెలిక పెట్టినాడు. “నేనొక పలక సేసిస్తా. ఓడలో నువ్వు పండుకునే సోట గోడకు బిగించుకోవాల. అట్లయితేనే తాళి.” బండిపట్టా తునకలే కొలిమిలో అతికి, సాగగొట్టి, బోల్టులకని మూలకొక బొక్క పెట్టినాడు. పసుపు పూసి, కుంకం పెట్టి, మేళాలతో తెచ్చి అల్లుని సేతిలో పెట్టినాడు. పెండ్లికొచ్చినోళ్ళు అక్షింతలు మరిసిపోయి దాన్నే సూస్తాండారు! మీ తాత దాన్ని గోనెసంచిలో సుట్టి ఆదోనిలో బొంబాయి రైలెక్కినాడు.

అంతలోనే బంగ్లాదేశ్ యుద్ధమొచ్చ. ఓడ యాడుండాదో, మనిషి యాడున్నాడో తెల్దు. టీకొట్టు కాడ రేడియో ఇనేకి ఊరంతా సేరేది. మా నాయన మాత్రం పట్టా ఎక్కించుకునేకి వచ్చినోనికల్లా “మా అల్లుడు నా ఇనుము సాటున ఉన్నాడు” అని సెప్పేది. నాకూ అదే ధైర్యం పాపా. కండ్లు మూస్తే సముద్రం కాదు, ఈ పలకే కనిపించేది. లేకుంటే నాకు మెతుకు దిగేది కాదు.

యుద్ధమైపాయ, మీ తాత వచ్చ. సంకలో అదే గోనెసంచి! మా నాయన మనిషిని పలకరించకుండానే సంచి ఇప్పినాడు. పలక ఒకపక్క నల్లగా నిగనిగ. “ఏందప్పా ఇది, గుండు తగిలిన మచ్చనా?”

ఔనంటే పోలేదా? ఊరంతా మా నాయనను మోసేది. నేను కండ్లతోనే బతిమాలినా, ఔనను, ఔనను అని. ఇంటేనా!

“రొట్టెలు కాల్సినాం మామా. మామలందరూ ఒక్కొక్కటి పంపితే ఓడ మునుగుతాదని కెప్టెన్ దొర బిగించనియ్యలే. మా వంటాయన ధారవాడోడు, జొన్నరొట్టెకు మొగం వాసిపోయినోడు. పొయ్యి మింద పెట్టేసినాడు.”

మా నాయన పలకను గణుపుతో కొట్టి సెవి పెట్టి ఇన్యాడు. “ఎంతమంది తిన్యారు?” అన్యాడు.

“ఓడంతా, మామా.”

ఇంగ సూడు, మా నాయన నవ్వు! దగ్గొచ్చిందాకా నవ్వి, నవ్వుతా నవ్వుతానే ఏడ్సినాడు. “నిన్నొక్కన్ని కాయమని పంపితే ఓడంతా కాసిందిరా నా ఇనుము!” అని అల్లుని నెత్తిమింద గూడ కొట్టి ఇన్యాడు.

అయ్యో, మాటల్లో పడి రొట్టె మాడ్తాంది, తిప్పు మే. నీ ఓడ గోడ ఎంత దొడ్డో నేను అడగను పో. మీ తాత మాదిరి నువ్వూ నిజమే సెప్తావు, నాకు భయం. సల్లగా పోయి రా తల్లీ, బాగా పరిగెత్తండి నువ్వూ, నీ ఓడా.

ఏంది, తీస్కపోతావా దీన్ని? ఇయ్యను. ఇది ఈ పొయ్యి మిందనే ఉంటాది. రొట్టె కావాలంటే నువ్వే తిరిగి రావాల.