ఓడని లేపిన రాడ్డు

"ముందు ఆ టీ తాగు చెల్లమ్మా. అస్తమానం నా షెడ్డు కేసి చూస్తావేంటి? నీ మొగుడు కృపానందం దూరింది ఈ సత్యారావు చేత్తో కట్టిన లిఫ్టు కింద! పిడి తిప్పితే మరలు కోసిన రాడ్డు తిరుగుతాది, రాడ్డు తిరిగితే బుల్లెట్టు బండి పైకి లేస్తాది. ఈ దీవిలో, మన డైరీ ఫార్మ్ పేట మొత్తంలో ఇంకెవడికుంది?"

"కిర్రుమంటోంది అన్నయ్యా," అంది సుందరి. టీ మీద మీగడ కట్టేసింది.

"అది పాట! మంచి ఇనుము పాడతాది. షాపులో ఒక్కో రాడ్డూ చెవి దగ్గర పెట్టి వాయించి మరీ ఎంచాను. 'భయ్యా, రాడ్డు కొంటావా, తబలా కొంటావా' అన్నాడు షాపోడు. దాంతో మొదట నా స్కూటరు లేపాను. తర్వాత పక్కింటోడి జీపు, లోపల వాళ్ళత్తగారు కూర్చునుండగానే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కబురు జెట్టీకి పోయింది. పోయిన వారం మెడ్రాసు ఓడ అడుగున నాచు గీకాలంట, క్రేను పాడైందంట. కెప్టెన్ సాబ్ నాకు దండం పెట్టాడు. నేను ఇలా ఒంటిచేత్తో పిడి తిప్పాను, ఓడ లేచింది..."

"మరి పాసింజర్లు?" అడిగాడు టీకొట్టు నూకన్న.

"డెక్కు మీద పేకాడుకుంటన్నారు! ఓడ నీడ చౌల్దారీ ఊరి పొలాల మీద పడితే, వానొస్తందని రైతులు ఎడ్లు విప్పేశారు!"

నూకన్న పడీపడీ నవ్వాడు. షెడ్డులో మళ్ళీ కిర్రుమంది, ఈసారి పొడుగ్గా. సుందరి లేచి నిలబడింది.

"సరుకు తెచ్చే మెడ్రాసు ఓడ నెలై రాలేదన్నయ్యా. అందుకే షాపులో లావు రాడ్లు అయిపోయాయి. సీలింగు పలకలు వేలాడగట్టే సన్నవే మిగిలాయి. నువ్వు తెచ్చింది ఏది?"

"మా అమ్మ తోడు, సముద్రం తోడు..."

"ఒట్లొద్దు. మా ఇళ్ళల్లో ఒట్టుకి విలువ లేదు. అక్కడ పడుకున్నది నా మనిషి. లావుదా, సన్నదా?"

సత్యారావు చేతిలో గ్లాసు వదిలేశాడు. దాన్ని చూడకుండానే షెడ్డు వైపు పరుగెత్తాడు.

"కృపానందం! దేన్నీ ముట్టుకోకు... నెమ్మదిగా, నెమ్మదిగా బయటికి రా నాయనా!"