అంచున ఉంచిన మసి

1990వ సంవత్సరం ఏప్రిల్ రెండవ తేదీన విజయవాడ ఆటోనగర్‌లోని మన బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కుగా చేరిన శ్రీ షేక్ నాగుల్ మీరా గారు, ఈ 2008 మార్చి ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, ఇన్నేళ్లూ అదే కప్పు కింద స్టోరు కీపరుగా పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది. శుభసందర్భమన్నానే గాని, రాస్తుంటే మనసు బరువుగానే ఉంది.

మంగళగిరిలో లారీల షెడ్డులో పని నేర్చుకుని మన సంస్థకు విచ్చేసిన మీరా గారికి తొలినాటి నుంచీ అప్పగించిన బాధ్యత ఇంజన్ల మసి తీయడం. నల్లటి పొగ కక్కుతూ, కంకిపాడు చేరకముందే ఆయాసపడే బస్సు షెడ్డుకు వస్తే, ఇంజను పైమూత హెడ్డు దింపి, పిస్టన్ల మీద, వాల్వుల మీద గట్టిపడిన మసిని పొరలు పొరలుగా గీకి తీసేవారు. ఇనుప బద్ద వాడితే పిస్టన్‌కు గీతలు పడతాయని వెదురు బద్దలు తామే చెక్కుకునేవారు. వారడిగే గుడ్డ పేలికలకు నా స్టోరు ఏనాడూ చాలలేదు. వారి గోళ్లలో చేరిన నలుపును రంజాను నాడైనా వదిలించాలని శ్రీమతి బీబీజాన్ గారు కుంకుడురసంతో తోమి తోమి విసిగిపోయేవారని మనందరికీ తెలిసిన సంగతే.

1996లో జరిగిన ఒక ఉదంతాన్ని ఇక్కడ స్మరించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. కూచిపూడి సర్వీసు తిరిగే ఒక పాత బస్సుకు మీరా గారు మసి తీశారు. బస్సు రోడ్డెక్కిన కొన్నాళ్లకే ఇంజను ఆయిలు విపరీతంగా తరిగిపోసాగింది. ఆ ఆయిలు డ్రైవరు మరియదాసు గారే దారిలో అమ్ముకుంటున్నారని అనుమానించి, యాజమాన్యం వారిని విచారణకు పిలిచింది. ఉద్యోగం పోయినట్టేనని మేమంతా అనుకున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే హెడ్ మెకానిక్ పదవి మీరా గారికి ఖాయమైందన్న మాట కూడా షెడ్డంతా వినిపిస్తోంది.

విచారణకు మీరా గారినెవరూ పిలవలేదు. చేతులు తుడుచుకుంటూ తామే లోపలికి వచ్చి నిలబడ్డారు.

“దాసుగారి తప్పేం లేదండి, తప్పు నాది. పాత ఇంజనుకి పిస్టను అంచున కాస్త మసి ఉంచెయ్యాలండి. అదే ఆయిలు పైకి రాకుండా ఆపుద్ది. అద్దంలా మెరవాలని సరదాపడి అది కూడా గీకేశాను.”

కొంతకాలం తిరిగితే అంచున మళ్లీ మసి పట్టి ఆయిలు ఖర్చు తగ్గుతుందని, అందాకా ఆగమని, తగ్గకపోతే దాసుగారిని కాక తననే ఇంటికి పంపమని ప్రార్థించారు. యాజమాన్యం సరేనంది. ఆ గడువంతా ఆయిలు డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని, దాసుగారి వెనుక సీటులో కూర్చుని, ఉయ్యూరులో ఒకసారి, కూచిపూడిలో ఒకసారి దిగి ఆయిలు మట్టం చూసుకుంటూ ప్రయాణించారు. చివరకు వారన్నట్టే ఆయిలు ఖర్చు తగ్గింది. మరియదాసు గారి ఉద్యోగం, అంతకు మించి వారి పరువు నిలిచాయి. హెడ్ మెకానిక్ పదవి మాత్రం మరొకరికి వెళ్లింది. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2002లో గాని ఆ గౌరవం మీరా గారిని వరించలేదు. ఈలోగా దాని ప్రసక్తి వారి నోట ఒక్కనాడూ వినలేదు.

ఇంజను విప్పిన మనిషి ఆ బండి తొలి ట్రిప్పులో తానూ ప్రయాణించాలన్న మన షెడ్డు ఆచారం ఆనాడు పుట్టినదే. ఏ సర్క్యులరూ చెప్పకపోయినా నేటికీ దాన్ని ఎవరూ తప్పలేదు.

మీరా గారు చివరిగా మసి తీసిన బస్సు పదవీ విరమణ మర్నాడు, మంగళవారం ఉదయం కూచిపూడికి బయలుదేరుతుంది. అప్పటికి వారు ఉద్యోగి కారు. ఈ మాట నేనంటే మరియదాసు గారు ఒప్పుకోలేదు. “ఆయన ఎక్కితేనే బండి తీస్తానండి. రిటైరైంది ఉద్యోగానికే గదా” అన్నారు. కనుక డ్రైవరు వెనుక సీటు వారి కోసం ఖాళీగా ఉంటుంది. ఆయిలు డబ్బా అవసరం లేదు గనుక, పక్కన బీబీజాన్ గారు కూడా కూర్చోవాలని షెడ్డు సిబ్బంది అందరి కోరిక.

మా నాగుల్ మీరా గారికి ఆ భగవంతుడు నిండు ఆరోగ్యాన్ని, నూరేళ్ల ఆయుష్షును, కుమారుడు సోహైల్, కుమార్తె తబస్సుంల కుటుంబాలతో చల్లని కాలాన్ని ప్రసాదించుగాక. బీబీజాన్ గారికి మాత్రం మాదొక విన్నపం: ఇక తీరిక దొరికింది కదా అని ఆ గోళ్లను అద్దంలా తోమేయకండమ్మా. ఇన్నేళ్ల మా స్నేహం వాటిలోనే ఉంది. అంచున కాస్త ఉంచెయ్యండి.